నాన్న చొక్కాల బొంత

ఆ పొద్దున ఆకాశం ఉతికీ ఉతకని దుప్పటిలా ఉంది. వాన పడదు, ఎండ రాదు. పెద్దమ్మ పొయ్యి మీద నీళ్లు పెట్టి ముందుగదిలోకి తొంగిచూసింది. చెల్లెలు అప్పటికే లేచి, నేలమీద బొంత పరుచుకుని కుడుతోంది.

ఆమె జైలు నుంచి వచ్చి వారం. తాగొచ్చి కొడుతున్న మొగుణ్ణి కట్టెతో ఒక్క దెబ్బ వేసింది. ఆ దెబ్బకే అతను పోయాడు. అప్పుడు పలక పట్టుకు తిరిగే కూతురు ఇప్పుడు మందులషాపులో పనిచేస్తోంది. పిల్లను పెంచింది పెద్దమ్మే. "నెల చూద్దాం. నీ కూతురికి పొసగితే ఉందువు, లేకుంటే వేరే దారి చూద్దాం," అని ముందే చెప్పి చెల్లెల్ని తీసుకొచ్చింది. వేరే దారి ఏదీ లేదని ఇద్దరికీ తెలుసు.

"కోడిక్కూడా కాస్త పని మిగల్చవే," అంది పెద్దమ్మ.

"పడుకుంటే నడుము పట్టేస్తోందక్కా." చెల్లెలు దారాన్ని పంటితో కొరికింది.

"కత్తెర పక్కనే ఉంది కదే."

"అలవాటు పోయింది. అక్కడ కత్తెర ఇవ్వరు. గుడ్డ చేత్తో చింపాలి, దారం పంటితో తెంపాలి. పళ్లు లేని ముసలమ్మ ఒకత్తుండేది. దాని దారమూ నేనే కొరికేదాన్ని. 'పళ్లు నీవి, తిట్లు నావి' అనేది."

పెద్దమ్మ నవ్వింది. చెల్లెలూ నవ్వబోయి, లోపలి గది తలుపు చప్పుడుకు ఆగిపోయింది.

కూతురు జడ వేసుకుంటూ వచ్చింది. బొంత మధ్యలో నీలిచారల గుడ్డ చూసి వంగింది. పక్కన గోధుమరంగు ముక్క. దాని పక్కన తెల్లది, జేబు ఊడదీసిన ఆనవాలుతో.

"ఇవెక్కడివి?"

"బల్లమీద మూటలో ఉన్నాయి."

"అవి నాన్న చొక్కాలు. పెట్టెకు చెద పట్టిందని రాత్రి తీసిపెట్టాను."

తల్లి చేతిలో సూది ఆగింది. జైల్లో బయటినుంచి పాతబట్టల మూటలు వచ్చేవి. విప్పడం, చింపడం, కుట్టడం. ఎవరివని అడిగే పని లేదు. ఇక్కడా మూట కనిపించింది, చింపింది.

"నాకు తెలీలేదమ్మా."

"ఉతికిన చేతులే కదా. గుర్తయినా పట్టలేదా?"

"లేదు."

"మనిషిని ఎలాగూ ఉంచలేదు. గుడ్డలు కూడా ఉంచవా?"

"నోరు అదుపులో పెట్టుకో," అంది పెద్దమ్మ.

"నువ్వూరుకో పెద్దమ్మా. దెబ్బలు తిన్నది ఆవిడే, కాదనను. కానీ నన్ను భుజాలమీద తిప్పింది ఆయన. నాకు మిగిలినవి ఆ చొక్కాలే." తర్వాత తల్లివైపు చూడకుండా అంది. "సాయంత్రం నేనొచ్చేసరికి నువ్విక్కడ ఉండకు."

కూతురు వెళ్లిపోయింది. పెద్దమ్మకూ లాండ్రీలో పనికి వేళైంది. "దాని మాటలకేం, నేను మాట్లాడతాలే," అని చెల్లెలి భుజం తట్టి, తలుపు దగ్గరికి వేసి వెళ్లింది.

సాయంత్రం వీధి మొదట్లో పెద్దమ్మా, కూతురూ కలిశారు. ఇంటిదాకా కలిసి నడిచారు. కూతురు తలుపు తోస్తే దేనికో తగిలి ఆగింది. అవతల తల్లి నిలబడి ఉంది. చంకన సంచి, కాళ్లకు చెప్పులు. ఆమె పక్కకు జరిగింది. పొయ్యి మీద పొద్దుటి గిన్నె పొద్దుటిలాగే ఉంది.

"వెళ్లలేదేం?"

"వెళ్దామనే. మీరటు పోగానే సంచి సర్దుకున్నా." తల్లి తలుపువైపు చూసింది. "ఎవరూ తియ్యలేదు."

"గడియ లేదు కదా. ఊరికే దగ్గరికి వేసుంది," అంది పెద్దమ్మ మెల్లగా.

"అవునా," అంది తల్లి.

కూతురు ఆమె మొహంలోకి చూసింది. చొక్కాలే కాదు, తలుపు తనే తీసుకోవచ్చన్న సంగతి కూడా ఈవిడ మరిచిపోయింది. కళ్లు తుడుచుకుని, ఆమె చంకలోని సంచి తీసి గోడవార పెట్టింది.

"చెప్పులు విప్పమ్మా."

వారంలో ఆ పిలుపు అదే మొదలు. తల్లి గోడ పట్టుకుని చెప్పులు విప్పింది.

"ఆ బొంత విప్పేస్తాను," అంది.

"విప్పితే చొక్కాలవుతాయా? కుట్టెయ్."

పెద్దమ్మ వండి మూడు కంచాలు పెట్టింది. ముగ్గురూ తల వంచుకుని తిన్నారు. తలుపు బార్లా తెరిచి ఉంది. చలిగాలి లోపలికి వస్తూనే ఉంది. మూయడానికి ఎవరూ లేవలేదు.