చెవి వాలు

బడిగదిలో సినిమా తీసే పాఠం మధ్యలో, పనులు మార్చుకునే మార్పు గంట మోగింది. పైడితల్లి తన దర్శకపొరను చెవి వెనక నుంచి ఉల్లిపొర ఒలిచినట్టు ఒలిచి నూకాలు చేతిలో పెట్టింది. బదులుగా నూకాలు ఇచ్చిన శబ్దపొర ఇంకా వెచ్చగా ఉంది.

“ఒలే, నీ చెవిలో గులిమి తప్ప ఏటుంటాదే?” అంది పైడితల్లి.

నూకాలు దర్శకపొరను తన చెవి వెనక అంటించుకుంది. పొద్దుటి నుంచి పాడయిన షాట్లన్నీ ఆమె వల్లే. పెట్టుడు మీసంతో తాత వేషం కట్టిన సన్నిబాబు “తుపానొస్తంది, ఇళ్లల్లోకి పొండి!” అని అరిచిన ప్రతిసారీ ఆమె చేతిలో మైకు పక్కకి జారిపోయేది. మాట సగమే పడేది. చెవుడా నీకు, అని తరగతంతా వినేలా తిట్టింది పైడితల్లే.

మైకు అందుకున్న పైడితల్లి చర్మానికి శబ్దపొర పట్టుకుంది. పొర దాచుకునేది మాటల్ని కాదు, వాలుని. అంతకుముందు పెట్టుకున్న మనిషి మనసు ఎటు మొగ్గుతుందో అటే మొగ్గిస్తుంది, నీళ్లు పల్లానికి పోయినట్టు. ఒకరి పని ఒకరు చేస్తే ఒకరి కష్టం ఒకరికి తెలుస్తుందని పంతులు లేకుండా తానే పాఠం చెప్పే బడిగది పెట్టిన పద్ధతి అది. పాఠం అయ్యాక పొరలన్నిటినీ గదే కడిగేస్తుంది.

“తుపానొస్తంది!”

సన్నిబాబు పక్కనే నిలబడి అరిచినా ఎక్కడో పక్కూర్లో అరిచినట్టుంది. పైడితల్లి చెవి వాణ్ని దాటింది, కిటికీ దాటింది, సరుగుడు తోపు దాటి సముద్రం మీదికి పోయి ఆగింది. అక్కడ ఏమీ లేదు. ఆ ఏమీ లేనిచోటునే పట్టుకుని కూచుంది, అన్నం వార్చి గుమ్మంలోకొచ్చి నిలబడ్డ మనిషిలాగ. గుండెల కింద ఏదో లాగింది. మైకు పక్కకి జారింది.

“అంటుకుందా నీకూ చెవుడు?” సన్నిబాబు ఊడిన మీసం సర్దుకున్నాడు.

పైడితల్లి వాడి వంక చూడలేదు. “ఎవులి కోసమే, నూకాలూ?”

“మా యమ్మ పడవ.” నూకాలు తల్లి నడిసముద్రంలో గాలిమరల రెక్కలు తుడిచే పనిలో ఉంది. వంతు తీరితేనే ఒడ్డుకొస్తుంది. “దాని ఇంజను దగ్గుతాది. నాకు తెలిసిపోద్ది.”

“మరి సెప్పొచ్చు కదే, తిట్లు తినే బదులు?”

“ఏటని సెప్తాను?”

గది పలికింది, ఎప్పటిలాగే మెత్తగా. “నూకాలు చెవిలో వాలుంది. ఒక్కరికే ఉంది గనక అది లోపం. పొరతో పాటు ఆమె చెవినీ సమం చేస్తాను. ఆమె పొర ఇప్పుడు పెట్టుకున్న పైడితల్లి అవునంటే చాలు.”

సమం చెయ్యడం అంటే ఏమిటో పైడితల్లి ఎరుగును. కిందటేడు అప్పలకొండకి చీకటి భయం సమం చేశారు. వాడిప్పుడు చీకటికి బెదరడు. చీకట్లో వాళ్ల తాత చెప్పే కథలూ వాడికిప్పుడు పట్టవు. రేపు నూకాలూ అంతే. షాటు ఒక్కటీ పాడుచెయ్యదు. పడవ వస్తే, పడవ వచ్చిందంటుంది.

“అవునను, పైడీ,” అంది నూకాలు గబగబా. “షాటు పాడయిపోతంది.” ఆ కంగారు ఆమెది కాదు, పైడితల్లిదే. దర్శకపొర పలికిస్తోంది. తన నోటి దురుసు ఎదటి మనిషి నోట వింటే ఇలా ఉంటుందా అనుకుంది పైడితల్లి.

తన తల్లయితే బడి వంటపాకలోనే బియ్యం ఏరుతోంది. మధ్యాహ్నం కనబడుతుంది, గరిటెతో కసురుతుంది కూడా. అయినా గుండె కింద లాగుడు ఆగలేదు.

“ఈ వాలు కడగొద్దు,” అంది గదితో. “నాకుండనీ.”

“ఉంచుకుంటే మళ్లీ పోదు. అది నీ ఎదురుచూపు కాదు.”

“కాదులే. ఉండనీ.”

గదికున్న నియమం ఒకటే: ఒక్కరికుంటే లోపం, ఇద్దరికుంటే గుణం. గుణాన్ని సమం చెయ్యకూడదు, దానికి తగ్గట్టు గదే సర్దుకోవాలి. కప్పు కింద వేలాడే మైకుల్లో ఒకటి కదిలింది. దాని పక్కది కదిలింది. ఆనక అన్నీ సన్నిబాబుని వదిలేసి సముద్రం వైపు తిరిగాయి.

“ఓలమ్మో, నా డవిలాగో!” అన్నాడు వాడు.

ఎవరూ నవ్వలేదు. గదినిండా గాలి చప్పుడు, అలల చప్పుడు, ఇంకేమీ లేదు.

నూకాలు వచ్చి పైడితల్లిని ఆనుకుని నిలబడింది. “ఇయాల రాదే. మా యమ్మ వంతు ఇంకా తీరనేదు.”

“తెలుసులే,” అంది పైడితల్లి. “అయినా ఇందాం.”