తొమ్మిదో ఆకు

కరుణాకుమారికి అత్తగారి ఊరు నచ్చదు. ఆ సంగతి నోటితో ఎన్నడూ అనలేదు, ముక్కుతో అంటుంది. ముత్తుకూరు దాటి, బొగ్గు లారీల వెనకాలే పోయి పోయి ఆ పల్లెలో కారు దిగగానే మొదట ముక్కు ముడుస్తుంది. తర్వాత సంచిలోంచి శానిటైజరు సీసా తీసి ఇద్దరు కూతుళ్ళ చేతుల్లో రెండేసి చుక్కలు వేస్తుంది. పెద్దది షారన్‌కి తొమ్మిదేళ్ళు, చిన్నది హెప్సీబాకి అయిదు. "గోళ్ళ సందుల్లో కూడా రుద్దుకోండి" అంటుంది. ఆ తతంగమంతా అయ్యేదాకా అత్తగారు ఎలిశబెతమ్మ మనవరాళ్ళని ముద్దు పెట్టుకోకుండా అరుగు మీద నిలబడి ఉండాలి.

కరుణ పుట్టింది కోవూరులో, వరి మడుల మధ్యే. అయితే పన్నెండేళ్ళ పూణే కాపురం ఆ బురదని కాళ్ళ నుంచి కడిగేసిందని ఆమె నమ్మకం.

ఆ ఏడు దీపావళి సెలవులకి వచ్చినప్పుడు ఆమె దగ్గరొక జాబితా ఉంది. పూణేలో వాళ్ళ అపార్ట్‌మెంటు తల్లుల గ్రూపులో తిరుగుతున్నదే. శరదృతువులో పిల్లలతో ఇంట్లో చేయదగ్గ సరదాలు: ఎర్రటి ఆకుల చెట్టు, గోడ మీద నీడలాట, దుప్పటి గుడారంలో కథలు. చేసి, ఫొటో తీసి పెట్టాలి. పిల్లల పెంపకంలో ఒక్క పనైనా మిగిలిపోతే కరుణకి నిద్ర పట్టదు.

కానీ ఆ తీరాన ఆకులు ఎర్రబడవు. ఆ నెలల్లో వానలు పడతాయి. ఉన్నవల్లా సరుగుడు తోపులు, వాటికి ఆకులే లేవు, సూదులు. వాటి మీద బొగ్గుతో నడిచే కరెంటు ప్లాంటు బూడిద. "ఈ ఊరికి శరదృతువు కూడా సరిగ్గా రాదు" అనుకుని, కరుణ ఒక అట్ట మీద చెట్టు మాను గీసింది. ఆకుల బదులు అందరి అరచేతులకీ ఎరుపు, పసుపు రంగులు పూసి అద్దించింది.

"ఏంది ఈ ఆటలు, గోడకి పిడకలు కొట్టినట్టు?" అంది ఎలిశబెతమ్మ, ఎర్రబడిన చేతుల్ని చూసుకుంటూ.

"నానమ్మది పెద్ద పిడక!" అని హెప్సీబా పకపకా నవ్వింది.

నలుగురు మనుషులు, ఎనిమిది ఆకులు. అట్టని హాలు గోడకి అంటించి కరుణ ఫొటో తీసింది. అత్తగారి బీటలు వారిన అరచేయి మాత్రం ఫొటోలో కాస్త అసహ్యంగా కనిపించింది. ఆ మూల కత్తిరించి పంపింది.

ఆ రోజు నవంబరు రెండు. సమాధుల పండుగ.

భర్త సుశీల్ కుమార్ పొద్దున్నే కారు బాగు చేయించడానికని నెల్లూరు పోయాడు. అందుకని సాయంత్రం మామగారు సమాధానం గారి సమాధికి కొవ్వొత్తి పెట్టడానికి ఆడవాళ్ళే బయల్దేరారు. కొత్తగా సున్నం కొట్టిన సమాధులు మబ్బు వెలుతురులో తెల్లగా మెరుస్తున్నాయి. బంతిపూలు, ఇసుక, తడి సున్నం వాసన. దూరంగా ప్లాంటు గొట్టాల మీద ఎర్ర దీపాలు. పాస్టరు గారు ప్రతి ఏడూ 'వెలిగించండి గానీ మొక్కకండి' అంటాడు. జనం వెలిగిస్తారు. మొక్కేవాళ్ళు మొక్కుతారు.

హెప్సీబా తాతయ్య కొవ్వొత్తి ముందు కూర్చుని, పుట్టినరోజు కేకు అనుకుందో ఏమో, బుగ్గలు పూరించింది. ఎలిశబెతమ్మ చటుక్కున దాని నోరు మూసింది.

"ఊదబాకమ్మా! దానంతట అది కాలిపోవాల."

"ఊదితే ఏమవుతుంది?"

"పోయినోళ్ళని చెయ్యి పట్టుకొని తీసకపోతా తీసకపోతా, దోవ మధ్యలో వొదిలేసినట్టు."

కరుణ ముక్కుతో నవ్వింది. పిల్లలకి ఇలాంటివి నేర్పొద్దని రాత్రికి సుశీల్‌తో చెప్పాలనుకుంది.

గేటు దగ్గర పేరమ్మ ఉంది. సమాధులకి సున్నం కొట్టేది ఆమే. అందరూ వెళ్ళేటప్పుడు ఒక కొబ్బరి చిప్పలో లావుపాటి కొవ్వొత్తి నిలబెట్టి వెలిగిస్తోంది.

"ఇదెవరికి పేరమ్మక్కా?" అంది కరుణ.

"ఎవురూ లేనోళ్ళకమ్మా." పేరమ్మ గడ్డంతో కంచె వైపు చూపించింది. అక్కడ మూరెడు పొడుగున ఇసుక దిబ్బ, దాని మీద ఒక పిడికెడు సున్నం. "సునామీ నాడు ఒడ్డుకి కొట్టకొచ్చిన బిడ్డ. మా అమ్మే పూడ్చింది. పేరు తెలవదు. ఎవురూ రాలేదు."

షారన్ అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది. పిల్ల భయపడుతోందని కరుణకి ఒళ్ళు మండింది. భయం పోగొట్టాలంటే నవ్వించాలి, అది కూడా ఏదో పుస్తకంలో చదివిందే. గొంతు పెంచి, కంచె వైపు చెయ్యి ఊపింది.

"పాపం, ఒక్క కొవ్వొత్తితో సరిపెడతారా? మా ఇంట్లో ఇవాళ ఫ్యామిలీ నైటు. ఆటలున్నాయి, పాప్‌కార్న్ ఉంది. ఎవరూ లేనివాళ్ళంతా వచ్చెయ్యండి, నేను చూసుకుంటా!"

పిల్లలు నవ్వారు. అప్పటికే చాలా ముందుకెళ్ళిపోయిన ఎలిశబెతమ్మకి వినపడలేదు. పేరమ్మ మాత్రం నవ్వలేదు.

"మాటలు చూసి ఆడాలమ్మా," అని, సున్నం బక్కెట్టు తీసుకుని వెళ్ళిపోయింది.

అప్పుడే వాన అందుకుంది. దాంతో పాటే కరెంటు పోయింది. వీధి మొత్తం ఒక్కసారిగా నల్లబడింది. కరుణ ఫోను ఫొటోలు తీసి తీసి చచ్చిపోయి ఉంది. ఆమె చుట్టూ చూసి, గేటు దగ్గరున్న చిప్పని కొవ్వొత్తితో సహా ఎత్తింది.

"వాళ్ళకి చీకట్లో కనపడుతుందిలే. మాకు కనపడదు."

దారి పొడుగునా గాలి. గొడుగు రెండు సార్లు వెనక్కి విరుచుకుపోయింది. కొవ్వొత్తి మాత్రం ఆరలేదు. కనీసం రెపరెపలాడలేదు. ఆ సంగతి కరుణ తర్వాతెప్పుడో గమనించింది.

*

ఇంటికొచ్చాక సుశీల్ నుంచి ఎలిశబెతమ్మ చిన్న ఫోనుకి కబురు. రోడ్డు మీద నీళ్ళు, రేపొస్తాను. ఎలిశబెతమ్మ లోపల తడి చీర మార్చుకుంటోంది. కరుణ చిప్పని హాలు మధ్యలో నేల మీద పెట్టింది. కరెంటు లేకపోవడం ఒకందుకు మంచిదే, నీడలాటకి చీకటి కావాలి. నైటీ వేసుకుని పాప్‌కార్న్ గిన్నె తెచ్చేసరికి హెప్సీబా నేల మీద కప్పులు పేర్చింది. అయిదు.

"నలుగురమే కదే?"

"నువ్వే కదమ్మా రమ్మన్నావు."

కరుణ అయిదో కప్పు తీసి వంటింట్లో పెట్టి వచ్చింది.

ఆట మొదలైంది. గోడ మీద షారన్ కుక్కని చేసింది. హెప్సీబా రెండు బొటనవేళ్ళు కలిపి పిట్టని ఎగరేసింది. వాన పెంకుల మీద ఒకే తీరుగా కొడుతోంది. ఎక్కడి నుంచో తడి సున్నం వాసన వస్తోంది... దాని వెనకే ఉప్పు వాసన, పాచి వాసన. చీరల తడి అనుకుంది కరుణ.

కుక్క మొరిగింది. పిట్ట ఎగిరింది. వాటి కింద, బాగా కిందగా, ఒక చేప ఈదుతోంది.

"చేప భలే ఉంది. ఎవరు చేసింది?"

షారన్ రెండు చేతులూ పాప్‌కార్న్ గిన్నెలో ఉన్నాయి. హెప్సీబా చేతులు ఒళ్ళో ఉన్నాయి.

చేప తోక ఆడించింది.

అప్పుడే ఎలిశబెతమ్మ లోపలి నుంచి వచ్చి, కొవ్వొత్తిని చూసి, వాకిట్లోనే ఆగిపోయింది. మెల్లగా వచ్చి కూర్చుని, "ప్రార్థన చేసుకుందాం రండి" అంది.

ఆ ఇంట్లో రోజూ ఉండేదే. గుండ్రంగా కూర్చుంటారు, ఒకరి తర్వాత ఒకరు వాక్యం చెబుతారు. ఎలిశబెతమ్మ చెప్పింది. కరుణ చెప్పింది. షారన్ చెప్పింది. హెప్సీబా తనకొచ్చిన ఒక్క ముక్కా తడబడుతూ చెప్పింది.

ఇక ఆమేన్ అనాలి.

అనేలోపు, హెప్సీబా పక్కన, ఎవరో ఊపిరి తీసుకున్నారు. వంతు వచ్చింది గానీ ఏం చెప్పాలో తెలియని పిల్ల ఊపిరి. నీళ్ళు నిండిన ఊపిరి.

గరగరా... ఆగింది.

కరుణ పిల్లలిద్దరినీ లాక్కుంది. కుడి చేతిలో షారన్ చెయ్యి. ఎడమ చేతిలో హెప్సీబా చెయ్యి. రెండూ వెచ్చగా ఉన్నాయి. లేచి నిలబడింది. వెనక నుంచి ఎవరో ఆమె నైటీ అంచు పట్టుకున్నారు. చిన్న పిడికిలి. చల్లగా, తడిగా, కాళ్ళకి తగులుతోంది.

"అత్తయ్యా..."

"అరవబాక. పిల్లల్ని నాకియ్యి." ఎలిశబెతమ్మ గుసగుసగా అంది. "సమాధుల కాడ ఎవురినన్నా పిలిచినావా?"

"నేను ఊరికే... తమాషాకి..."

"ఏమని పిలిచినావు?"

కరుణ చెప్పింది. చివరి ముక్క చెప్పడానికి నోరు రాలేదు. హెప్సీబా అందించింది: "నేను చూసుకుంటా అంది, నానమ్మా."

ఎలిశబెతమ్మ కళ్ళు మూసుకుంది. "పిలిచిన నోటితోనే సాగనంపాల. దీపం తీసకపోయి మన గేటు కాడ పెట్టు. బిడ్డతో మాట్లాడినట్టు మాట్లాడు. 'మీ ఇంటికి పోమ్మా, చల్లగా పడుకో' అని చెప్పి వచ్చెయ్. ఊదబాక."

"చెప్పకపోతే?"

"ఎవురూ లేని బిడ్డమ్మా అది. నువ్వే వాళ్ళమ్మవనుకుంటది."

వాకిట్లోంచి గేటు దాకా పన్నెండు అడుగులు. కరుణ చిప్ప పట్టుకుని నడిచింది. వాన ముఖం మీద కొడుతోంది. మంట నిటారుగా నిలబడే ఉంది. వెనక చప్పుడు... తప్. తప్. చిన్న పాదాలు. ఆమె ఆగితే ఆగుతోంది. నడిస్తే నడుస్తోంది. నైటీ అంచు బరువుగా ఉంది.

గేటు గోడ మీద చిప్ప పెట్టింది. రెండు ముక్కలు చెబితే అయిపోతుంది. పోమ్మా అనాలి. చల్లగా పడుకోమనాలి. తన పిల్లలకి రోజూ చెప్పే మాటలే.

పెదవులు విడివడ్డాయి. పన్నెండేళ్ళుగా ఈ ఊరిని చూసి ముడుచుకున్న ముక్కు మళ్ళీ ముడుచుకుంది. ఆ పాచి కంపు... ఆ తడి చెయ్యి...

"ఛీ! పో! పో అవతలికి!"

కుక్కని అదిలించినట్టు వచ్చింది గొంతు.

నైటీ అంచు వదిలింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత ఆమె మోచేతి పక్క నుంచి, మెల్లగా, ఒక చిన్న చెయ్యి పైకొచ్చింది. సున్నంలా తెల్లగా ఉంది. వేళ్ళ చివర్లు నీళ్ళలో నానినట్టు ముడుతలు పడి ఉన్నాయి. దీపం కోసం చాచింది.

కరుణ ఊదేసింది.

*

కరెంటు వెంటనే వచ్చింది. గేటు దగ్గర ఎవరూ లేరు. హాల్లో పిల్లలు నానమ్మ ఒళ్ళో క్షేమంగా ఉన్నారు. కరుణ ఇద్దరి ఒళ్ళూ తడిమి, నుదుళ్ళు చూసి, వేళ్ళు లెక్కపెట్టింది. అంతా సరిగ్గానే ఉంది. నవ్వబోయింది కూడా.

"చెప్పినావా?" అంది ఎలిశబెతమ్మ.

"చెప్పాను."

"దీపం?"

కరుణ తడి చేతులు నైటీకి తుడుచుకుంది. అత్తగారు ఆమె భుజం మీదుగా గోడని చూస్తోంది. కరుణ తిరిగి చూసింది.

అట్ట మీద చెట్టుకి తొమ్మిది ఆకులున్నాయి. తొమ్మిదోది తెల్లగా, అన్నిటికంటే చిన్నగా, బాగా కిందగా ఉంది. ఇంకా ఆరలేదు. దాని కింద ఒక తడి చార నేల దాకా కారుతోంది.

హెప్సీబా దాని మీద తన అరచేయి పెట్టబోయింది. "అమ్మా, నా కంటే చిన్నది!"

కరుణ ఆ చేతిని లాగేసి అట్టని చించేసింది. ముక్కల్ని వానలో కాలువలో పారేసింది. మర్నాడు సుశీల్ రాగానే, సెలవులు ఇంకా మిగిలి ఉండగానే, పూణే ప్రయాణం కట్టించింది. పేరమ్మ తర్వాత సమాధుల గేటు దగ్గర కొత్త కొవ్వొత్తి వెలిగించిందట. వాన లేకపోయినా, ఎన్నిసార్లు వెలిగించినా అది నిలవలేదట. ఎలిశబెతమ్మ ఫోనులో చెబితే, "గాలి వేసి ఉంటుంది అత్తయ్యా" అంది కరుణ.

ఏడాది గడిచింది. పూణే ఇంట్లో ఏమీ జరగలేదు. ఒక్క రాత్రి కూడా దీపం ఆరలేదు, తలుపు కొట్టుకోలేదు. కరుణ మళ్ళీ తేరుకుంది. అదంతా ఆ ఊరి నీళ్ళలోనే ఉందనీ, పిచ్చి జనంతో కూర్చుంటే ఎవరికైనా అలాగే అనిపిస్తుందనీ సుశీల్‌తో అంది కూడా.

నవంబరులో గ్రూపులో జాబితా మళ్ళీ వచ్చింది. షారన్ కొత్త అట్ట మీద చెట్టు గీసింది. రంగు ముట్టుకునే ముందు ఎప్పట్లాగే అందరి చేతుల్లో రెండేసి చుక్కలు. సుశీల్, కరుణ, షారన్, హెప్సీబా. ఎనిమిది ఆకులు. ఫొటో తీసి, గోడకి అంటించి పడుకున్నారు.

పొద్దున పిల్లలకి పాలు కలపడానికి లేచిన కరుణ హాల్లో నిలబడిపోయింది. తొమ్మిది ఉన్నాయి.

ఈసారి తెలుపు కాదు. వాళ్ళు కొన్న ఎర్ర రంగే. కిందగా కూడా లేదు, హెప్సీబా ఆకు పక్కనే, సరిగ్గా అంతే ఎత్తులో, అంతే పెద్దగా ఉంది. పోయినేడు దాని కంటే చిన్నది. ఇప్పుడు సమానం. వేళ్ళ చివర్ల ముడుతలు పోయాయి. నున్నగా, ఆరోగ్యంగా, బాగా చూసుకుంటున్న పిల్ల చెయ్యి.

కరుణ ముక్కు దగ్గరగా పెట్టి చూసింది. పాచి వాసన లేదు. ఉప్పు వాసన లేదు.

శానిటైజరు వాసన.