గడ్డికోతలో ఎర్ర చుక్క

"కాస్త అలాగే ఉండండి, కదలకండి," అని గట్టు మీద కూర్చుని బొమ్మ వేస్తున్న ఒకతను అన్నాడు.

కొడవలి పట్టి వంగిన ఆమె తలైనా ఎత్తలేదు. "వాన పడేలోపు గడ్డంతా కోయాలి. మీరే కదలకుండా ఉండండి," అంది.

పక్కనే కోస్తున్న వదిన కిసుక్కున నవ్వింది.

అన్నం వేళకి ఆమె వెళ్ళి చూసింది. పుస్తకమంత అట్ట మీద ఆయిల్ రంగులతో ఆకాశం, పొలం, వంగిన మూడు నడుములు.

"ఇందులో నేనేదండీ?"

"ఈ ఎర్ర చుక్క. మీ తలగుడ్డ."

"పొద్దుటి నుంచి ఒళ్ళు హూనం చేసుకుంటే, చుక్కేనా?"

"ఇది ముందుగా వేసుకునే చిన్న నమూనాయే అండీ. పెద్ద బొమ్మ తర్వాత వేస్తాను. అందులో ముఖం కూడా ఉంటుంది, మీరు తలెత్తితే."

ఎత్తింది. ఇద్దరూ చూపు తిప్పుకోవడం మరిచారు.

"రంగు ఆరిందా, ఇంకా తడేనా?" అంది వదిన వెనక నుంచి.

కోత అయ్యేదాకా అతను రోజూ వచ్చాడు. చివరి రోజు వాన కమ్ముకొస్తే రంగులు వదిలేసి మోపులు మోశాడు. తడిసి ముద్దయిన చొక్కాతో, "వచ్చే కోతకి వస్తాను," అన్నాడు. ఆమె సరేనంది. పేరూ ఊరూ అడగాలని ఇద్దరికీ తోచలేదు.

ఆ ఏడే పొలం యజమాని భూమి అమ్మేశాడు. కౌలు పోయి, వాళ్ళ కుటుంబం పట్నం చేరింది. ఆమె మొక్కల నర్సరీలో పనికి కుదిరింది. పార్కులో గడ్డి కోసిన వాసన తగిలితే చాలు, ఆ రోజు చేతిలో పని సాగేది కాదు. మర్చిపోయుంటాడులే అని తనకు తనే చెప్పుకునేది. వచ్చిన సంబంధాలకు మాత్రం తల అడ్డంగానే ఊపేది.

కొన్నేళ్ళకు ఒక చిత్రప్రదర్శనకి కుండీలు దించడానికి వెళ్తే, గోడ మీద ఆ చిన్న అట్టే కనిపించింది. దాని ముందు నిలబడి అతను. చెవుల దగ్గర నాలుగు తెల్లవెంట్రుకలు.

"పెద్ద బొమ్మ ఏదండీ?" అంది వెనక నుంచి.

అతను తిరిగి చూసి, ఆమెను గుర్తుపట్టాడు.

"వేయలేకపోయాను. ప్రతి కోతకీ వెళ్ళాను. మీ గురించి చెప్పేవాళ్ళే లేరక్కడ."

"వచ్చారా?" ఆమె చేతిలోని కుండీ కింద పెట్టింది. మర్చిపోయుంటాడన్న మాట ఎటు పోయిందో తెలియలేదు. "ఆదివారం మా ఇంటికి రండి. నాన్న ఉంటారు."

ఆదివారం ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని, "మీ అమ్మాయిని పెళ్ళి చేసుకుంటానని అడగడానికి వచ్చానండీ," అన్నాడు.

"నన్నడిగితే ఏం లాభం బాబూ? దాన్నడుగు," అన్నాడు నాన్న.

"అడగమను నాన్నా, వింటున్నాను," అంది ఆమె గుమ్మంలోంచి.

తడబడుతూనే అడిగాడు. ఆమె వచ్చి అతని పక్కన కూర్చుంది.

నాన్న మెల్లగా లేచాడు. పాలు పొంగుతున్నాయేమో చూసొస్తానంటూ, పొయ్యైనా వెలిగించని వంటింట్లోకి వెళ్ళిపోయాడు.