ఇంట్లో వాడి చూసిన క్రీము

బంద్ రోజు కాబట్టి నారాయణమ్మ ఆ పొద్దు ఆలస్యంగా లేచింది. ఆలస్యమంటే ఆరు గంటలు. మామూలు రోజైతే ఆ వేళకి కలకత్తా మెటియాబ్రుజ్‌లో కుట్టుమిషన్లు మొదలైపోతాయి, బస్సులు హారన్లు కొడుతుంటాయి. ఇవాళ నడిరోడ్డు మీద పిల్లలు ఇటుకలు నిలబెట్టి క్రికెట్ ఆడుతున్నారు. ఓడల డాకులో పని లేదు గనక కొడుకు సూరన్న లుంగీతో గుమ్మంలో కూర్చుని టీ తాగుతున్నాడు.

కొట్టు తెరవని రోజు నారాయణమ్మకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. వారానికి సరిపడా క్రీము కలిపేస్తే ఒక పని అయిపోతుందని అల్యూమినియం బేసిను కిందికి దించింది.

మొగుడు పోయాక గాజులూ రిబ్బన్లూ తట్టలో పెట్టుకుని వీధివీధి తిరిగిన మనిషి ఆవిడ. ఇప్పుడు బస్టాపు పక్కన సొంత ఫ్యాన్సీ కొట్టుంది. కొట్టు నిలబడింది ఒకే ఒక్క నియమం మీద: ఇంట్లో వాడి చూడనిది కొట్లో పెట్టకూడదు. కాటుక తన కళ్లకే పెట్టుకుని చూసేది. కొత్త షాంపూ వస్తే సూరన్న తల దొరికేది. వారం రోజుల్లో దురద పుడితే ఆ సరుకు వెనక్కి పోయేది. చుట్టుపక్కల ఆడవాళ్లకి ఇది తెలుసు. ఆవిడ బావుందంటే బావున్నట్టే.

రెండేళ్ల కిందట పక్క వీధి బ్యూటీపార్లరు ఆమె ఒక కిటుకు చెప్పింది. విడి కోల్డ్ క్రీము కిలో తీసుకుని, మందుల షాపులో దొరికే ట్యూబులు నాలుగు పిండి కలిపితే మొహం నిగనిగలాడుతుందంది. నారాయణమ్మ నియమం తప్పలేదు. అప్పుడే ఖరగ్‌పూర్ నుంచి కాపురానికొచ్చిన కోడలు సుందరికి రాసి చూసింది. నాలుగు నెలల్లో ఆ పిల్ల చెంపలు అద్దంలా తయారయ్యాయి. ఆ తర్వాత సుందరిని కొట్లో ముందు బల్ల దగ్గర కూర్చోబెట్టింది. వచ్చినవాళ్లు ఆమె మొహం చూసేవారు, ఆ క్రీము నింపిన తెల్ల సీసా కొనుక్కుని పోయేవారు. ఏం కలిపావని ఎవరూ అడగలేదు.

ఈ ఏడాది ఎండాకాలం నుంచి సుందరి చెంగు ముక్కుదాకా లాక్కుని కూర్చుంటోంది. వేడి చేసిందనుకుంది నారాయణమ్మ. రొయ్యలు మానమంది. క్రీము రెండు పూటలా రాసుకోమంది.

"అత్తా, బేసిను అలా ఉంచు. నీతో పనుంది."

సుందరి పళ్లెం నిండా డబ్బాలూ ట్యూబులూ తెచ్చి నేల మీద పెట్టింది.

"ఇదేటే, కొట్టు తీసుకొచ్చి ఇంట్లో పరిచీసినావు?"

"బంద్ కదా. ఇవాళ కొట్టు ఇక్కడే. నేను చదువుతాను, నువ్వు తేల్చు."

సూరన్న గ్లాసు పట్టుకుని దగ్గరికి జరిగాడు. "తూకం నానేస్తాను" అన్నాడు.

సుందరి మొదట బంగారు రంగు డబ్బా ఎత్తింది. పెళ్లికి వాళ్లక్క భవానీపూర్‌లో కొనిచ్చింది. డబ్బా మీద కుంకుమపువ్వు బొమ్మ ఉంది. దాన్ని వెనక్కి తిప్పింది. "ఏది ఎక్కువ కలిపితే అది ముందు రాస్తారు, తక్కువది ఆఖర్న. విను. నీళ్లు. పారఫిన్ నూనె. స్టియరిక్ ఆసిడ్."

"అదేటి?"

"మైనంలా ఉంటుంది. క్రీము గట్టిపడడానికి. తర్వాత గ్లిజరిన్, అది తేమ పట్టి ఉంచుతుంది. తర్వాత పాడవకుండా ఉండే మందు, సెంటు."

"కుంకంపువ్వేదీ?"

"సెంటు తర్వాత. అన్నిటికన్నా ఆఖర్న."

నారాయణమ్మకి నవ్వొచ్చింది. "ఒక్క రేకు బొమ్మకి ఎంత పుచ్చుకున్నాడో సూడు. ఇప్పుడు మన కొట్లో చవక డబ్బా సదువు."

"నీళ్లు, పారఫిన్ నూనె, స్టియరిక్ ఆసిడ్, గ్లిజరిన్."

"మరి నానేటన్నాను? అంతా ఒకటే, సొక్కా మారింది" అంది నారాయణమ్మ. ఏళ్ల తరబడి వేలితో రుద్ది, వాసన చూసి తను చెప్పిన మాట అచ్చులో ఉన్నందుకు ఆవిడకి మహా సంతోషంగా ఉంది. "ఆ వేజలైనో?"

"ఒక్కటే మాట రాసుంది. పెట్రోలియం జెల్లీ."

"ఈ డబ్బా ఒక్కటీ అబద్ధమాడ్లేదు" అన్నాడు సూరన్న.

సుందరి నవ్వలేదు. తెల్ల సీసా తీసి అటూ ఇటూ తిప్పింది. "దీని వెనక ఏం లేదత్తా."

"నా సేత్తో కలిపినాను. రాసుకోడానికేటుంది?"

"కోల్డ్ క్రీములో ఏముంటుందో నాకు తెలుసు. ట్యూబు సంగతి తెలియదు. ఖాళీ ట్యూబులు ఎప్పుడూ పొయ్యిలో వేసేస్తావు. ఆ ట్యూబు ఏది?"

నారాయణమ్మ మొహం కొట్టు మొహమైపోయింది. "అది బేరం గుట్టు. ఒక నోట్లోంచి ఇంకో నోట్లోకి పోతే రేపు పెతి కొట్టోడూ కలిపీస్తాడు."

"నేను కొట్టువాణ్ని కాదు, నీ కోడల్ని. మొన్న అక్క ఇంటికని చెప్పి ఆసుపత్రికి వెళ్లాను, చర్మం డాక్టరు దగ్గరికి. రెండేళ్లు ఏం రాశావమ్మా అని అడిగారు. మా అత్తగారి క్రీము అన్నాను. అందులో ఏముందంటే చెప్పలేకపోయాను. పన్నెండో క్లాసు సైన్సు చదివి నోరు మూసుకుని నిలబడ్డాను."

"నాకు సెప్పకుండా ఎల్లినావా?"

"చెబితే పంపేదానివా?"

"నాను నీకు ఇసం పెడతాననుకున్నావేటి? ఊరందరికన్నా ముందు నీకే కదే రాసినాను."

"అదే అత్తా. ముందు నాకే రాశావు. నాలుగు నెలలు చూశావు. ఐదో నెల చూడలేదు."

సూరన్న గ్లాసు కింద పెట్టాడు. "అమ్మా, ట్యూబు సూపించు."

"నువ్వూ దాని పక్కేనా?"

"పక్కలేటి ఇందులో? అది రాత్రిళ్లు తడిగుడ్డ మొహం మీదేసుకుని పడుకుంటంది. మంట అదే తగ్గిపోద్దని నానూ ఊరుకున్నాను. ఇంక ఊరుకోను."

నారాయణమ్మ బేసిను పక్కకి నెట్టింది. తర్వాత లేచి తన ట్రంకుపెట్టె తెరిచి, చీరల కిందనుంచి రెండు ట్యూబులు తీసి కోడలి ముందు పడేసింది. మీద ఏం రాసుందో ఆవిడ ఎప్పుడూ చదవలేదు, చదవడం రాదు కూడా. మందుల షాపులో నీలం గీతదొకటి, ఎర్ర గీతదొకటి అని అడిగి తెచ్చుకునేది.

సుందరి వెలుతురుకి పట్టుకుని నెమ్మదిగా కూడబలుక్కుంది. "నీలం గీతది క్లోబెటసాల్. స్టెరాయిడ్. డాక్టరు అనుమానపడింది దీన్నే. ముదిరిన ఎగ్జిమాకి వారం పదిరోజులు రాసే మందంట. మొహానికి రాసేది కాదు. ఎర్ర గీతది హైడ్రోక్వినోన్, మచ్చలు తగ్గడానికి. అదీ డాక్టరు చూస్తూ కొన్నాళ్లే ఇవ్వాలన్నారు. నేను రెండేళ్లు రాశాను. ఇవి మొదట మెరిపిస్తాయి అత్తా. తర్వాత చర్మాన్ని పల్చన చేసేస్తాయి."

"సెంపలు బావున్నాయి కదే" అంది నారాయణమ్మ. ఆ మాట ఆవిడ నోట్లోంచి చిన్నగా వచ్చింది.

"చివరిసారి ఎప్పుడు చూశావు?"

నారాయణమ్మ కోడలి మణికట్టు పట్టుకుని గుమ్మం దగ్గరికి తీసుకొచ్చింది. చెంగు తనే తొలగించింది. ముక్కుకి అటూ ఇటూ ఎర్రటి దారాల్లాంటి నరాలు పైకి తేలి ఉన్నాయి. గడ్డం నిండా పొక్కులు. వేలితో చెంప తాకబోతే సుందరి ఊపిరి బిగబట్టింది. నారాయణమ్మ వేలు గాలిలోనే ఆగిపోయింది.

"నీళ్లు పడినా మండుతుంది" అంది సుందరి.

"నాకెందుకు సెప్పలేదే?"

"చెప్పాను. వేడి చేసిందన్నావు. ఇంకొంచెం రాసుకోమన్నావు."

నారాయణమ్మ గుమ్మంలోనే కూర్చుంది. సరుకులో నలుసుంటే పది గజాల దూరంనుంచి పట్టే కన్ను తనది. ఆ కన్ను ఈ పిల్ల మొహాన్ని రోజూ చూసింది, ఎదురుగా నిలబడ్డ ఆడది కొంటుందా కొనదా అన్నంతమటుకే చూసింది. అమ్మకం సాగుతున్నంత కాలం మొహం బావున్నట్టే లెక్కవేసుకుంది. కళ్లనీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు. సుందరి వచ్చి పక్కన కూర్చుంది. వీధిలో పిల్లలు అవుటా కాదా అని కొట్టుకుంటున్నారు.

"బాగవుద్దా?" అంది నారాయణమ్మ.

"నెలలు పడుతుందన్నారు. ఒక్కసారి మానేస్తే ఇంకా ఎర్రగా పొంగుతుందట. డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి. ఎండ తగలకూడదు. పైన ఉత్త వేజలైను."

సీసాలు కొన్నవాళ్లని తలుచుకుంటూ నారాయణమ్మ వేళ్లు మడవడం మొదలుపెట్టింది. సాబిరా, దర్జీల ఇంటి ఇద్దరు కోడళ్లు, రేషను కొట్టువాడి చెల్లెలు. రెండు చేతుల వేళ్లూ రెండుసార్లు అయిపోయినా పేర్లు అవలేదు.

"ఆళ్లందరికీ సెప్పాల" అంది.

"సెప్తే ఇంక మన దగ్గర సబ్బు కూడా కొనరమ్మా" అన్నాడు సూరన్న.

"కొనకపోతే కొనరు. ఆళ్లు మొహాలకి రాసుకున్నది నా మాట నమ్మి."

మర్నాడు కొట్టు తెరిచేసరికి తెల్ల సీసాలు ఒక్కటీ అలమరలో లేవు. పదింటికి రుక్సానా వచ్చింది. జీన్సు ప్యాంట్లు కుట్టే కార్ఖానాలో పనిచేస్తుంది.

"మూడు సీసాలివ్వు మాసీ. మా ఆడపడుచులకి కూడా."

"ఇంక అమ్మనమ్మా. అందులో మొహానికి రాయకూడని మందుంది. నువ్వూ ఒక్కసారిగా మానకు, ఆసుపత్రిలో చర్మం డాక్టరుకి సూపించుకో. అందులో ఏటుందో సుందరి చీటీ రాసిస్తాది, పట్టుకెళ్లు."

రుక్సానా అనుమానంగా చూసింది. "ధర పెంచడానికా ఈ నాటకం?"

"కాదు."

"మరి అమ్మినప్పుడు తెలీదా?"

"తెలీదు. తెలుసుకోలేదు. తప్పు నాదే."

"ఇంకో కొట్లో ఇంకో పేరుతో దొరుకుతుందిలే. నా మొహం నాకు బాగానే ఉంది" అని రుక్సానా వెనక్కి తిరిగింది.

కొట్టు లోపల చీకట్లో కూర్చున్న సుందరి లేచి వచ్చింది. ఆ వేళకి ఎండ సరిగ్గా బల్ల మీద పడుతుంది.

"లోనికెల్లే, ఎండ" అంది నారాయణమ్మ.

"చూడనీ అత్తా." సుందరి చెంగు భుజం మీదికి జార్చింది. "రుక్సానా, ఇటు చూడు. నువ్వు మొదటి సీసా కొన్నది నా మొహం చూసే కదా. ఇప్పుడు చూడు."

నారాయణమ్మ పీట మీదనుంచి లేచింది. బల్ల ముందుకొచ్చి, వీధికి వీపు పెట్టి, తన నీడ కోడలి మొహం మీద పడేట్టు నిలబడింది.

రుక్సానా చాలాసేపు చూసింది. చెయ్యి నెమ్మదిగా తన చెంప మీదికే పోయింది. "నాకూ మండుతోంది భాబీ" అంది. "ఇస్త్రీ పెట్టె సెగ అనుకున్నాను."

"ఎన్నాళ్ల నుంచి?"

"రంజాన్ ముందు నుంచి."

సుందరి చీటీ రాయడం మొదలుపెట్టింది. బస్సు దిగిన ఆడవాళ్లు ఇద్దరు ఏమిటేమిటని ఆగారు, సుందరి వాళ్లకీ మొదట్నుంచి చెప్పడానికి తల ఎత్తింది. కూర్చోమని సూరన్న పీట తెచ్చి వెనక పెట్టినా నారాయణమ్మ కూర్చోలేదు. ఎండ ఎటు జరిగితే తనూ అటు జరుగుతూ నిలబడే ఉంది.