నీళ్లగడి ముందు నడక

టీ బండి ముందున్న నడకవాకిలి సాయిలును నాలుగు అడుగుల దూరంలోనే పోల్చుకుని, "దుర్గం సాయిలు, చక్కెర లేకుండా" అంది. బండి నడిపే హన్మాండ్లు తలెత్తకుండానే గ్లాసు ముందుకు జరిపాడు.

ఎర్రకుంటలో ఇప్పుడు ఎవరూ ఎవరికీ పేరు చెప్పుకోవలసిన పని లేదు. బస్సెక్కాలన్నా, బియ్యం తెచ్చుకోవాలన్నా, సొంత ఇంటి తలుపు తీయాలన్నా నడిస్తే చాలు. రెండు నిలువు కడ్డీల మధ్య అడుగు పడగానే వాటిలోని చూపుగింజలు మడమ ఎట్లా ఆనింది, మోకాలు ఎంత వంగింది, వెన్ను ఎటు వాలింది చూసి మనిషి ఎవరో చెప్పేస్తాయి. ముఖం మారవచ్చు, గొంతు మారవచ్చు, నడక మారదని దాన్ని చేసినవాళ్లు నమ్మారు. ఒకరి నడకను ఇంకొకరు నటిస్తే అది ఒప్పుకోదు. దొంగలు ఏళ్లకేళ్లు సాధన చేసి చూశారు, కుదరలేదు. కావాలని వంచిన నడుముకూ, దానంతటదే వంగిన నడుముకూ తేడా దానికి తెలుసు.

"సాయిలన్నా, మీ పార్టీకి సచ్చినోళ్లు గూడ లేసొచ్చి ఓటేసిండ్రట గదా" అన్నాడు హన్మాండ్లు. "మా తాత గిట్ట కనవడ్డడా?"

సాయిలు టీ ఊదుకున్నాడు.

"కనవడితే చెప్పు. బండి జాగ సంగతి అడిగేదుంది ఆయన్ని."

బల్ల మీద కూర్చున్న ఇద్దరూ నవ్వారు. సాయిలు సగం టీ వదిలేసి లేచాడు. పది గంటలకు గడి దగ్గర తనిఖీ ఉంది. అతన్ని ఎవరూ పిలవలేదు. పోవాలని తెల్లవారుజామునే అనుకున్నాడు.

మంజీర ఎండిపోయిన కాలంలో ఊరి నీళ్లన్నీ ఒక్కడి చేతికి పోయాయి. భూమి అడుగు నుంచి నీరు పీల్చే యంత్రం అతనిదే. పాతకాలపు దొరల కోటను, గడిని, బాగు చేయించి అందులో పెట్టాడు. జనం అతన్ని నీళ్లదొర అన్నారు. పెద్ద వీధులకు గొట్టాలు వేయించాడు. మాదిగలు, మాలలు, చాకళ్లు, కుమ్మర్లు మాత్రం గడి వాకిట్లోకి వచ్చి పట్టుకోవాలి. చెప్పులు బయట విడవాలి, వంగి నిలబడాలి. మెట్ల మీది నుంచి దొర "ఎవడ్రా ఆడ" అని అడిగాక బిందె ముందుకు పెట్టాలి. జిల్లాలో మొదటి నడకవాకిలి ఆ వాకిట్లోనే పెట్టారు, ఎవరికి ఎన్ని బిందెలు పోతున్నాయో తెలియడానికి. అందులో పేర్లు లేవు. ఒక్కో నడకకు ఒక నీటి సంఖ్య మాత్రమే ఉంది.

ఆ వరసలోనే నిటారు పార్టీ పుట్టింది. ఊళ్లో మొదటి జెండా కట్టింది సాయిలు. మూడో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి, ప్రసంగాలు చేయలేదు. కర్ర పట్టుకుని నిలబడ్డాడు, అంతే. గడి గోడ మీద 'తల దించొద్దు' అని సున్నంతో రాసింది కూడా అతనే. ఇరవై ఏళ్ల కిందట పార్టీ గెలిచింది, దొర ఊరు విడిచి పోయాడు, గడి గ్రంథాలయం అయింది. రాష్ట్రమంతా నడకవాకిళ్లు పెట్టి, ప్రతి మనిషికీ పేరుతో నడకపుట తెరిచారు. ఆ రోజు సాయిలు కొత్త చెప్పులు వేసుకుని, వెన్ను నిలబెట్టి నడిచి తన పేరు రాయించుకున్నాడు. నీళ్లవాళ్లు, అంటే దొర పక్షం వాళ్లు, మళ్లీ వస్తే పేదల పుటలు చెరిపేస్తారన్న భయంతో, ఒకే మనిషికి రెండు పుటలుంటే పాతదే చెల్లాలని పార్టీ చట్టం కూడా చేసింది.

ఇప్పుడు సాయిలు బిడ్డ జమున శాసనసభ్యురాలు. మొన్నటి ఎన్నికల్లో ఇరవై తొమ్మిది ఓట్లతో గెలిచింది. రాజధానిలో పార్టీకి ఉన్న మొగ్గు కూడా ఆ ఒక్క స్థానమే. మూడు వారాలకు తనిఖీవాళ్లు వచ్చారు. ఎర్రకుంటలో నలభై ఒక్క ఓట్లు పాత నీటి సంఖ్యల మీద పడ్డాయన్నారు. ఆ సంఖ్యల మనుషులు ఇరవై ఏళ్లుగా బస్సెక్కలేదు, బియ్యం తీసుకోలేదు, ఆసుపత్రికి పోలేదు. అంటే చనిపోయినవాళ్లు. చనిపోయినవాళ్ల నడకలను ఎవరో లేపి గడి వాకిలికి చూపించారు. వాకిలి తాళం ఉన్నది ఒక్క శంకరమ్మ దగ్గరే. చాకలి శంకరమ్మ పన్నెండేళ్లుగా ఆ వాకిలిని తుడిచి కాపాడుతున్న మనిషి. నిన్న పొద్దున ఆమెను పంచాయతీ గదిలో కూర్చోబెట్టారు. ఈ రోజు తేలకపోతే జైలుకే.

సాయిలు గడి వీధి మలుపు దగ్గర ఆగాడు. ఈ వీధిలోకి అతను రాడు. బడికైనా, బజారుకైనా ఒర్రె వాగు దాటి చుట్టూ తిరిగి పోతాడు. దగ్గరి దారి ఉండగా ఎందుకని ఎవరూ అడగలేదు. వాడలో అతని ఈడు వాళ్లంతా చుట్టూ తిరిగే పోతారు.

జమున కారు మలుపులోనే ఉంది. తండ్రిని చూసి దిగింది.

"నువ్వెందుకొచ్చినవ్ నాయినా? ఇది నీళ్లోళ్ల పన్నాగం. నేను మాట్లాడుత."

"బిడ్డా, ఒక ముచ్చట."

"తర్వాత చెప్పు."

"ఆ ఓట్లు సచ్చినోళ్లయి గావు. మాయే."

జమున చుట్టూ చూసి, అతన్ని గోడ వారకు తీసుకుపోయింది. సాయిలు నేలను చూస్తూ చెప్పాడు. ఎన్నికల రోజు నడకవాకిళ్లకు కట్టిన పార్టీల తోరణాల కింద నడవడమే ఓటు. మొదటిసారి నడిచిందే లెక్కకు వస్తుంది, తర్వాత ఎన్నిసార్లు నడిచినా లేదు. అందుకే డప్పులతో రోజంతా తిరుగుతారు. పొద్దున బడి దగ్గర తోరణం కింద అతను ఓటు వేశాడు. మధ్యాహ్నం ఊరేగింపు గడి వాకిలి తోరణం వైపు మళ్లింది. జెండా అతని చేతిలో ఉంది, వెనక్కు పోయే వీలు లేకపోయింది.

"గడి ముందటికి రాంగనే నా చెప్పులు చేతిలకొచ్చినయ్. నడుం వంగింది. డప్పుల సప్పుట్ల ఎవ్వరు సూడలే. నేను సూసిన. పోశవ్వ వంగింది. బాలకిషన్ వంగిండు. మా ఈడోళ్లందరు వంగిండ్రు. ఒకల మొకం ఒకలం సూసుకోలే."

"ఇరవై ఏండ్లాయె దొర పోయి. ఆడెవరున్నరని వంగిండ్రు?"

"ఎవ్వరు లేరు."

"మరి?"

"ఎరుకలేదు బిడ్డా. కాళ్లకే ఎరుక."

జమున గోడ వైపు తిరిగింది. సున్నం రాత ఇంకా ఉంది, సగం రాలిపోయి.

"దొంగలన్నా నయమే నాయినా" అంది. "దొంగతనమంటే కొట్లాడుత. ఇది బయటపడితే నేనేం చెప్పాలె? రాష్ట్రమంత నవ్వుతరు. తల దించొద్దన్న పార్టీ తల దించి గెలిచిందంటరు."

"అంటరు."

"సర్కారు పోతది."

"శంకరమ్మ జైలుకు పోతది" అన్నాడు సాయిలు.

జమున కారు వైపు చూసింది, గడి వైపు చూసింది. "నడువు" అంది.

తనిఖీ అధికారి ప్రభాకర్ గ్రంథాలయం అరుగు మీద బల్ల వేసుకుని కూర్చున్నాడు. శంకరమ్మ పక్కన నేల మీద ఉంది. కుర్చీ వేశారు గానీ ఆమె కూర్చోలేదు. సాయిలు చెప్పింది అధికారి ఓపికగా విన్నాడు.

"అంటే, మీలో ఇద్దరు మనుషులున్నారంటారా పెద్దాయనా?"

"మనిషినొక్కన్నే. నడకలు రెండు."

"అది కుదరదండీ. నడక ఒక్కటే అన్నదాని మీదే ఇదంతా నిలబడి ఉంది." వాకిలి వైపు చేయి చూపాడు. "సరే, నడిచి చూపించండి."

సాయిలు చెప్పులు విడిచి చేత పట్టుకున్నాడు. నడుము వంచి కడ్డీల మధ్య నుంచి నడిచాడు.

"దుర్గం సాయిలు. నటన" అంది వాకిలి.

మళ్లీ నడిచాడు. ఇంకా వంగాడు.

"దుర్గం సాయిలు. నటన."

మూడోసారీ అదే అంది. గేటు బయట పోగైన జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. సాయిలుకు చెమట పట్టింది. బతుకంతా దాచుకున్నది బయట పెడదామని వస్తే, అది రావడం లేదు.

"ఆమెను కాపాడాలనుకుంటున్నారు. మంచి మనసే" అన్నాడు ప్రభాకర్, కాగితం మీద ఏదో రాస్తూ. "కానీ అబద్ధం రాసుకోలేను కదా."

"ఇగ సాలన్నా. పో ఇంటికి" అంది శంకరమ్మ. "గింతమంది ముందల నీకెందుకు గీ గతి? నా రాత నేను వడుత."

సాయిలు చెప్పులు వేసుకున్నాడు. తల తిప్పకుండా గేటు వైపు నడవసాగాడు. జమున అప్పటికి గడి మెట్లు ఎక్కింది. ఎందుకు ఎక్కిందో అక్కడున్నవాళ్లకు అర్థం కాలేదు. పై మెట్టు మీద నిలబడి, ఒక చేయి నడుము మీద పెట్టుకుంది. దొర మాట ఆమె విన్నది చిన్నప్పుడు, చిన్న బిందె పట్టుకుని నాన్న వెనకాల నిలబడి. ఇన్నేళ్లూ ఎక్కడ దాగి ఉందో, వెతకకుండానే దొరికింది. సాగదీత, గొంతులోని జీర, అన్నీ ఉన్నట్టే వచ్చాయి.

"ఎవడ్రా ఆడ? సాయిలుగా, చెప్పులతోని వస్తివారా?"

సాయిలు ఆగలేదు, ఆలోచించలేదు. చెప్పులు చేతిలోకి వచ్చాయి. వెన్ను వంగింది. మెడ భుజాల్లోకి కుంగింది. వెనక్కు తిరిగి, అడుగులు చప్పుడు కాకుండా వేసుకుంటూ కడ్డీల మధ్య నుంచి వచ్చి, మెట్ల కింద నిలబడ్డాడు.

"నీటి సంఖ్య మూడు వందల పన్నెండు" అంది వాకిలి. "రెండు బిందెలు."

గేటు బయట నవ్వు ఆగిపోయింది. ప్రభాకర్ లేచి నిలబడ్డాడు. జమున చేయి నడుము మీద అట్లాగే ఉంది. తండ్రి మెల్లగా నిటారైన తర్వాత గానీ ఆమె దాన్ని దించలేదు. దించాక, ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు.

మిగతాదంతా యంత్రం చేసింది. ఒక మనిషి రెండు నడకలు ఎట్లా అవుతాడో ఒక్కసారి చూశాక, మిగతా నలభై జతలను దానంతటదే కలిపేసింది. నలభై ఒక్క ఓట్లు పోయాయి. జమున పన్నెండు ఓట్లతో ఓడిపోయింది. శంకరమ్మను వదిలేశారు. ఆమె సాయిలు ముందు నిలబడి ఏదో అనబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పోయింది.

"చట్టం ప్రకారం పాత పుటే ఉంటుందండీ" అన్నాడు ప్రభాకర్, బల్ల సర్దుకుంటూ. సాయిలు వైపు చూడలేదు. "పేరుతో ఉన్నవి రద్దవుతాయి. దరఖాస్తు పెట్టుకుంటే మార్చవచ్చు. మూడు నెలలు పడుతుంది."

సాయిలు తల ఊపాడు. మూడు నెలలు దేనికో అతనికి అప్పుడు తట్టలేదు.

తండ్రీ బిడ్డా వాడకు నడిచే వచ్చారు. ఎండ వాలుతోంది. జమున చేతిలోని మాటపలక మోగుతూనే ఉంది, రాజధాని నుంచి. ఆమె తీయలేదు. ఇంటి ముందు సాయిలు ఎప్పటిలాగే రెండు కడ్డీల మధ్య నుంచి నడిచాడు.

"తెలియదు" అంది తలుపు.

మళ్లీ నడిచాడు.

"తెలియదు."

అతను నిలబడి కొంతసేపు తలుపును చూశాడు. తర్వాత వంగి చెప్పులు విడిచాడు. నడుము వంచి నడిచాడు.

"నీటి సంఖ్య మూడు వందల పన్నెండు. నటన" అంది తలుపు. జమున ఈ ఇల్లు విడిచి చాలా ఏళ్లయింది, ఆమె నడకకు ఆ తలుపు తీయదు.

వాడలో అటూ ఇటూ ఇదే మాట వినబడుతోంది. పోశవ్వ గడప ముందు చెప్పులు పట్టుకుని నిలబడి ఉంది. ఎదురింట్లో బాలకిషన్ మూడుసార్లు నడిచి, అలసిపోయి గోడకు ఆనుకున్నాడు. కల్లు దుకాణం నుంచి వచ్చినవాళ్లు, కట్టెలతో వచ్చినవాళ్లు, అందరూ ముసలివాళ్లే, తమ తమ ఇళ్ల ముందు నిలబడిపోయారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. లోపల ఎవరిదో పొయ్యి మీద పెట్టిన పప్పు మాడుతున్న వాసన వస్తోంది.

సాయిలు అరుగు మీద కూర్చుని, బిడ్డ వైపు తిరిగాడు.

"అను బిడ్డా."

"ఏం?"

"ఇందాక అన్నవు గదా. గదే అను. తలుపు తీసుకుంటది."

జమున వాడ పొడుగునా చూసింది. నలభై ఒక్క తలుపులు. వాటిని తెరిచే మాట ఆమె నోట్లోనే ఉంది. ఒక్కొక్క ఇంటి ముందు నిలబడి, ఒక్కొక్కరి పేరు చివర 'గా' తగిలించి అనాలి. ఈ పూట అంటే సరిపోదు. రేపు పొద్దున అనాలి, సాయంత్రం అనాలి. పోశవ్వ అటువైపు నుంచి ఆమెనే చూస్తోంది. వద్దన్నట్టు లేదు ఆ చూపు. ఎదురుచూస్తున్నట్టే ఉంది.

"అనను నాయినా" అంది జమున.

"నాకేం కాదులే."

"నాకైతది."

ఆమె మెట్టు దిగి, తండ్రి విడిచిన చెప్పులు తీసుకుని వచ్చింది. అతని కాళ్ల దగ్గర పెట్టింది. సాయిలు వాటి వైపు చూశాడు గానీ తొడుక్కోలేదు. జమున అతని పక్కనే, మూసిన తలుపుకు వీపు ఆనించి కూర్చుంది.