ఐదుగురికి ఒక గుండె

ఉదయం 5.42కి గాజువాకలో, మూతపడిన ఒక కల్యాణ మండపం సెల్లార్‌లో కర్రి సోంబాబు పరిగెడుతూ పడిపోయాడు. వయసు నలభై ఆరు. పోర్టులో క్రేన్ ఆపరేటర్.

ఆ నిమిషంలో అతని గుండె 64 సార్లు కొట్టుకుంటోందని, అతను విశ్రాంతిలో ఉన్నాడని అతని నాడిపట్టీ దేహానుమతి కేంద్రానికి చెబుతోంది. పట్టీ అతని చేతికి లేదు. అదే సెల్లార్‌లో కుర్చీలో కూర్చున్న బోను పైడమ్మ చేతికి ఉంది.

అది 2063. వ్యాయామంగా కొత్తగా నడక మొదలుపెట్టాలన్నా దేహానుమతి కావాలి. పట్టీ మూడు నెలలు పంపిన వివరాలతో కేంద్రం దరఖాస్తుదారు గుండెకు కంప్యూటర్‌లో ఒక ప్రతిగుండెను తయారుచేస్తుంది. అడిగిన వ్యాయామాన్ని ముందు దాని చేత చేయించి చూస్తుంది. ఆ తర్వాత మనిషికి పరుగు పరీక్ష. రెండుసార్లు తప్పితే జీవితంలో మళ్లీ అడగకూడదు. అనుమతి లేకుండా గుండె 140 దాటితే అంబులెన్స్ వస్తుంది, దరఖాస్తు రద్దవుతుంది.

ఈ చట్టం వచ్చిన రెండేళ్లకే పరీక్షకు కోచింగ్ మొదలైంది. రిటైరైన పీఈటీ మాస్టారు సన్యాసిరావు తెల్లవారుజామున అభ్యర్థులను ఈ సెల్లార్‌లో పరిగెత్తించేవాడు. ఆ గంటసేపు వాళ్ల పట్టీలు పెట్టుకుని కూర్చోవడం పైడమ్మ పని. ఆమెకు అరవై ఎనిమిది. గుండె కవాటం పాడైందని, మెట్లు ఎక్కవద్దని డాక్టర్లు చెప్పి పదకొండేళ్లయింది. కార్ల ర్యాంపు మీదుగా దిగి వచ్చేది. అనుమతి అడగలేదు కాబట్టి ఆమెకు సొంత పట్టీ లేదు.

ఆ రోజు బ్యాచ్‌లో ఐదుగురు. సోంబాబు ఒకసారి తప్పాడు. ఈ ఏడు కూతురితో కలిసి సింహాచలం గిరి ప్రదక్షిణ చేయాలని అతని కోరిక. ముప్పై రెండు కిలోమీటర్లు.

"నా గుండితో పాసైపోయి కొండ సుట్టూ నువ్వు తిరుగుతావేటి నాయనా? పున్నెంలో సగం నాకు రావాల" అంది పైడమ్మ, అతని పట్టీ పెట్టుకుంటూ. అందరూ నవ్వారు.

5.44కి సన్యాసిరావు అంబులెన్స్‌కు ఫోన్ చేశాడు. సోంబాబు విశ్రాంతిలో ఉన్నారని, ప్రమాదం లేదని కేంద్రం జవాబిచ్చింది. పట్టీ అతని దగ్గర లేదని మాస్టారు చెప్పాడు. అలాంటి ఫిర్యాదుకు ముందు పోలీసులు వస్తారని, నలభై నిమిషాలు పడుతుందని చెప్పింది. పట్టీని తిరిగి సోంబాబు చేతికి పెడితే, నాడిని ఒప్పుకోవడానికి దానికి ఇరవై నిమిషాలు కావాలి. ఆటోలో తీసుకెళ్లినా ఆసుపత్రి అత్యవసర ద్వారం పట్టీలో ప్రమాదం కనిపిస్తేనే తెరుచుకుంటుంది.

బ్యాచ్‌లో ఒకతను సోంబాబు ఛాతీ మీద నొక్కుతున్నాడు. పెదవులు నీలంగా మారాయి.

ఎంత దాటితే బండి వస్తుందని పైడమ్మ అడిగింది. నూట నలభై అన్నాడు మాస్టారు. ఆమె లేచింది.

"వద్దు పెద్దమ్మా. కూర్చో."

"పదకొండేళ్లనుంచి కూకునే ఉన్నాను మాస్టారూ."

ఆమె గుండె 140 దాటితే మిగతా నలుగురి దరఖాస్తులూ పోతాయి. తన పట్టీ విప్పమని ఎవరూ అడగలేదు.

సెల్లార్‌కు ఇరవై రెండు మెట్లు. ఆమె ఎక్కింది, దిగింది, మళ్లీ ఎక్కింది. మాస్టారు ఫోన్‌లో అంకెలు చూస్తున్నాడు. 5.49కి 96. 5.50కి 118. మూడోసారి ఎక్కుతూ 131 దగ్గర రెయిలింగ్ పట్టుకుని ఆగింది. 5.52కి 143. ఐదు పేర్ల మీద ఐదు అంబులెన్సులు బయల్దేరాయి.

మొదటిది 5.58కి వచ్చింది. సిబ్బంది సోంబాబుకు షాక్ ఇచ్చారు. 6.01కి నాడి దొరికింది. తర్వాత వచ్చిన సిబ్బంది మిగతా నలుగురినీ పరీక్షించి, బాగానే ఉన్నారని, పట్టీల్లో లోపమని రాసుకుని వెళ్లిపోయారు. పైడమ్మ పట్టీలున్న చేతిని కొంగులో దాచుకుని పై మెట్టు మీద కూర్చుని ఉంది. ఆమె పేరు మీద హెచ్చరిక లేదు. ఏమైందని ఒకరు అడిగితే దమ్ము తీసుకుంటున్నానంది.

6.11కి ఐదు పట్టీల్లోనూ నాడి ఒకేసారి ఆగింది. 6.12కి కేంద్రం ఐదు మరణాలు నమోదు చేసింది. ఆసుపత్రిలో సోంబాబు రికార్డు మూసుకుపోయింది. డాక్టర్ మందులు కాగితం మీద రాశాడు.

మర్నాడు మధ్యాహ్నం పైడమ్మ పాడెను ఆ నలుగురు మోశారు. శ్మశానం గేటు మృతుల పేరు అడిగింది. పైడమ్మ మరణం ఎక్కడా నమోదు కాలేదు. సన్యాసిరావు పట్టీలున్న ఆమె చేయి ఎత్తి చూపించాడు. గేటు సోంబాబు పేరు చదివి తెరుచుకుంది.