మత్రాలో తీగ బండి

ఓడ దిగిన సఫియా భర్తను పలకరించనైనా లేదు. తలెత్తి చుట్టూ ఉన్న నల్లటి బోడి కొండల వంక చూసింది.

“ఏదీ, చేతులు చాపుకోనుండే ఆ పెద్దాయన యాడ?”

షరీఫ్ ఆ మాట విననట్టు ఆమె ట్రంకు పెట్టె అందుకున్నాడు.

డెబ్బై ఐదులో ప్రొద్దుటూరులో నిఖా కాగానే సెలవు అయిపోయి, అతను మస్కట్‌కి వచ్చేశాడు. మత్రా రేవులో వెల్డింగ్ పని. ఏడాదిగా పెళ్లానికి ఫోటోలు పంపాడు. అన్నిట్లోనూ అతని వెనక కొండ మీద చేతులు చాపిన విగ్రహం, వంపు తిరిగిన సముద్రపు ఒడ్డు, తీగకు వేలాడుతూ శిఖరానికి పోయే బండి. “ఇవన్నీ మీకు దగ్గరేనా?” అని ఆమె రాస్తే, “నువ్వు రా, చూపిస్తా” అని జవాబు రాశాడు. ఆ ఒక్క ముక్కే ఇప్పుడు కొంప ముంచింది.

“ముందు రూముకు పోదాం. ఎండగా ఉంది.”

“తీగ బండి ఎక్కి పోదాం.”

“అది రిపేరులో ఉంది.”

“విగ్రహం గూడా రిపేరేనా?”

షరీఫ్‌కి తల బాదుకోవాలనిపించింది. సఫియా అంతలోనే సంచిలోంచి ఫోటో తీసి వెనక్కి తిప్పింది. సర్దార్ స్టూడియో, మత్రా అని ముద్ర.

“మీరు చూపియ్యకుంటే ఈయన్నే అడుగుతా.”

ట్రంకు పెట్టె మోసుకుంటూ ఆమె వెనకే పరిగెత్తడం తప్ప అతనికి దారి లేకపోయింది.

స్టూడియోలో సర్దార్ ఫోటో చూసి పగలబడి నవ్వాడు. “దీనికి దారా? ఇది రియో ఊరు, బ్రెజిల్‌లో ఉందమ్మా! ఫోటోలో ఉన్నది దాని బొమ్మ గీసిన పరదా.”

సఫియా మొహం కందిపోయింది. “ఏమండీ, మా వీధి వీధంతా చెప్పొచ్చినానే, తీగ బండి ఎక్కుతానని! మళ్ల ఊర్లోకి ఏ మొహం పెట్టుకోని పోవాల?”

“నేను...”

“మీరు మాట్లాడొద్దండి. భాయ్, ఆ పరదా ముందరన్నా నాకొక ఫోటో తియ్యండి.”

“అది అమ్మేసినా కదమ్మా. ఇప్పుడు కశ్మీర్ ఉంది, మంచు. తీయాల్నా?”

“ఎవరికి అమ్మినారు?”

సర్దార్ షరీఫ్ వైపు చూసి మళ్లీ నవ్వాడు. వద్దన్నట్టు షరీఫ్ కళ్లు పెద్దవి చేశాడు.

“ఇదే ఓడ వచ్చే వారం బొంబాయికి తిరిగి పోతాదంట. నేను దాంట్లో పోతా,” అంది సఫియా. “పరదా గురించే అబద్ధం చెప్పినోళ్లు ఇంకేం చెప్పరు?”

“అబద్ధమే సఫియా! ఇక్కడ రాళ్లు, ఎండ తప్ప ఏమీ లేవని రాస్తే నువ్వు రావేమోనని భయపడినా. నువ్వు రాకుంటే నేనేం కావాల?” ఆ రోజు షరీఫ్ చెప్పిన మొదటి నిజం అదే.

ఓడ బయల్దేరేదాకా ఎక్కడో ఒకచోట ఉండాలి కాబట్టి ఆమె అతని వెంట రూముకి నడిచింది.

ఒకటే గది. అందులో సగం నిసార్ అహ్మద్, కుల్సుమ్ దంపతులది. తన సగంలోకి అడుగు పెట్టిన సఫియా అక్కడే ఆగిపోయింది. గదిని రెండుగా చేస్తూ ఈ గోడ నుంచి ఆ గోడకు పరదా వేలాడుతోంది. కొండ, సముద్రం, తీగ బండి, చేతులు చాపిన విగ్రహం.

“చూపిస్తా అని రాసినా కదా,” అన్నాడు షరీఫ్ మెల్లగా. “అందుకే కొన్నా.”

అవతలి నుంచి కుల్సుమ్ గొంతు వినిపించింది. “బొమ్మలన్నీ నీ పక్కకే తిప్పించినాడమ్మా మీ ఆయన. మా పక్క ఉత్త తెల్ల గుడ్డ!”

సఫియా నవ్వు ఆపుకోవాలని చూసింది. ఆగలేదు. తీగ బండిని వేలితో తాకి, విగ్రహం వైపు తలెత్తి చూసింది.

“ఈ పెద్దాయన ఎప్పుడూ మనల్నే చూస్తా ఉంటాడా?”

“దీపం ఆర్పితే కనపడడులే.”

సఫియా చెవులు ఎర్రబడ్డాయి.

“మరి ఓడ?” అన్నాడు షరీఫ్.

ఆమె ట్రంకు పెట్టె లాక్కుని సముద్రం బొమ్మ కింద పెట్టింది.

“ఇంత దూరం వచ్చినాం కదా. ముందు రియో అంతా తిరగనియ్యండి.”